ఫిడేలు నాయుడుగారి ఉద్యోగం

వికలాంగులకు తగిన పని, వారు సమాజానికి చేయగల సేవ అన్న విషయం మీద ఈ ప్రత్యేక సంచిక వెలువడుతున్నది. ప్రభుత్వం వారు ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. మనం సర్వీసులో ఉన్నంతకాలం ఫైళ్ళలో వ్రాసిన మాట వికలాంగులు కనుక ఆ పాత అలవాటు కొద్దీ నేను ఆ మాటే వాడుతున్నాను, పాఠకులు మన్నించాలి. పథకాల వివరాలు, సర్టిఫికెట్లు తీసుకునే పద్ధతి మొదలైనవి తెలిసిన మిత్రులు వ్రాస్తారు. నేను ఒక ఉద్యోగి జీవితకథ చెప్పదలచుకున్నాను. ఉద్యోగి అంటున్నాను గాని లోకానికి ఆయన మహా విద్వాంసులు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఫిడేలు నాయుడుగారు అంటే పాతతరం వారికి వెంటనే తెలుస్తుంది.

ఆయన మన ప్రాంతం వారు కారు. న్యాల్‌కల్ ఎక్కడ, విజయనగరం ఎక్కడ! ఆయన విజయనగరంలో ఉద్యోగంలో చేరేనాటికి మన జహీరాబాద్ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. 1956 వరకు బీదరు జిల్లాలోనే ఉంది. మన పెద్దలు ఆయన కచేరీ విని ఉండే అవకాశం బహు తక్కువ. అయినా ఈ సంచికకు ఆయన కథే తగినదని నాకు తోచింది. చూపు సరిగా లేని ఒక యువకునికి జాలితో కాక విద్యను చూసి ఉద్యోగం ఇచ్చిన సందర్భం తెలుగుదేశంలో నూరేళ్ళ క్రితమే ఉన్నదని మన వాళ్ళకు తెలియాలి.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో అధికారి. తరువాత కుటుంబం విశాఖపట్టణం చేరింది. ఇంట్లో సంగీతం పట్ల అభిమానం ఉండేది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వచ్చు. తమ్ముని చేతికి మొదట కమాను ఇచ్చి స్వరాలు దిద్దించినది ఆయనే.

చిన్నతనం నుండే నాయుడుగారికి చూపు మందం. దాంతో బడి చదువు ముందుకు సాగలేదు. బడి అంటే అప్పుడూ ఇప్పుడూ నల్లబల్ల, పుస్తకం. బల్ల మీద వ్రాసింది కనబడని పిల్లవాడు ఎంత చురుకైనవాడైనా మొద్దుల జాబితాలోకే పోతాడు. ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన మన సభ్యులకు ఇది నేను చెప్పనక్కరలేదు. వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల లిపిని పారిస్‌లో లూయీ బ్రెయిల్ అనే అంధ బాలుడు 1824 నాటికే కనిపెట్టాడు. తరువాత ఆయన తాను చదువుకున్న సంస్థలోనే ఉపాధ్యాయుడయ్యాడు, చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. మన దేశంలో తొలి అంధుల పాఠశాల 1887లో అమృతసర్‌లో వెలసింది. నాయుడుగారు పుట్టడానికి ఆరేళ్ళ ముందు మాటే ఇది. కాని అమృతసర్‌లో ఉన్న బడి విశాఖపట్టణం పిల్లవానికి ఏం పనికి వస్తుంది? నాయుడుగారు చదువు మానుకున్నారు. మానుకున్నారనడం కూడా మన మర్యాద కొద్దీ అనే మాటే. కన్ను ఒక్కటే దారి అనుకున్న చదువు ఆయనను బయట ఉంచింది.

ఇక మిగిలింది ఫిడేలు. ఇక్కడ ఆ వాద్యం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫిడేలు మనది కాదు, తెల్లవారితో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవారి బ్యాండు వింటూ ఆ వాద్యం మీద మనసుపడి నేర్చుకుని, మన రాగాలకు దానిని లొంగదీసుకున్నారు. తెల్లవారు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవారు నేల మీద కూర్చుని, ఫిడేలు తలను కాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తారు. అందువల్ల ఎడమచేతికి బరువు మోసే పని లేక తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది, గమకం పలుకుతుంది. వీణకు ఉన్నట్టు ఫిడేలుకు మెట్లు లేవు. ఏ స్వరం ఎక్కడ ఉందో కంటికి చూపించే గుర్తు ఒక్కటీ ఉండదు. కనులు చక్కగా ఉన్నవాడు కూడా చెవితోను వేలితోను వెతుక్కోవలసిందే. వెంట్రుకవాసి అటుఇటు అయితే స్వరం తప్పుతుంది. పైగా మన సంగీతం పుస్తకం చూసి నేర్చేది కాదు, గురుముఖతః నేర్చేది. గురువు పాడుతుంటే విని, తిరిగి పాడి, తప్పితే మళ్ళీ విని నేర్వాలి. బడిలో అడ్డమైన లోపం ఇక్కడ అంతగా అడ్డం రాలేదు. పిల్లవాడు మారలేదు, అతని చూపూ మారలేదు. పని మారింది, అంతే.

ఈ ఒక్క సంగతి మీద నేను కాస్త ఎక్కువ సేపు ఆగుతున్నాను. మన ఆఫీసుల్లో వికలాంగుల దరఖాస్తు వస్తే మొదట చూసేది ఏ అవయవం లేదు, ఎంత శాతం లేదు అని. ఈ పనికి ఏ అవయవం కావాలి అని అడిగినవారు తక్కువ.

విజయనగరంలో సంగీత కళాశాల పుట్టిన కథ కూడా మన సంచికకు సంబంధించినదే. సంస్థానంలో చాగంటి జోగారావుగారని ఒక ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు గంగబాబు పుట్టుగుడ్డి. సంగీతం మీద ప్రీతి ఉన్నవాడు. ఆ పిల్లవాని భవిష్యత్తు ఏమిటన్న ఆలోచన మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజుగారి వరకు వెళ్ళింది. మహారాజులు తలచుకుంటే నెలకు ఇంత అని ధర్మం వ్రాసి ఇవ్వవచ్చు. అలాంటివి సంస్థానాల్లో ఎన్నో ఉండేవి. ఆయన అలా చేయలేదు. ఆ బాలునికీ అలాంటి ఇతరులకూ నేర్పించడానికి ఒక సంగీత పాఠశాలనే పెట్టించారు. 1919 ఫిబ్రవరి 5వ తేదీన అది ప్రారంభమైంది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఒక ఉద్యోగి ఇంట్లో పుట్టిన అంధ బాలుని కోసం మొదలైన చోట తరువాత వందలమంది చూపున్నవారు నేర్చుకున్నారు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఇంటింటా మధూకరం ఎత్తి అన్నం తింటూ చదువుకున్నది అక్కడే. పి.సుశీలగారు సంగీతం అభ్యసించినదీ అక్కడే. వికలాంగుల కోసం వేసిన దారిలో అందరూ నడవడం అంటే ఇదే కాబోలు. బస్టాండులో చక్రాల కుర్చీ కోసం కట్టిన ఏటవాలు దారి మీద మనం సూట్‌కేసు లాక్కుంటూ పోవడం లేదా!

ఆ కళాశాలలో విద్యార్థిగా చేరడానికే నాయుడుగారు వెళ్ళారని చెబుతారు. అప్పటికి ఆయన వయసు 26. వాయించమంటే వాయించారు. నారాయణదాసుగారు విన్నారు. దాసుగారు సామాన్యులు కారు. బహుభాషావేత్త, మహాకవి, ఎవరినీ లెక్కచేయని మనిషి అని పేరు. ఆయన విన్న తరువాత ఈ యువకుడు బెంచీ మీద కూర్చోవలసినవాడు కాదని తేలింది. విద్యార్థిగా చేరబోయినవారు ఫిడేలు ఆచార్యులుగా చేరారు.

మనలో చాలామందిమి ఉద్యోగంలో చేరేటప్పుడు సివిల్ సర్జను దగ్గర అక్షరాల చార్టు ముందు నిలబడి, ఒక కన్ను మూసి, కింది వరుస చదివినవారమే. ఆ చార్టు విజయనగరంలో కూడా గోడకు తగిలించి ఉంటే నాయుడుగారి ఉద్యోగం ఆనాడే తీరిపోయేది. డిగ్రీ లేదు, స్కూలు సర్టిఫికెట్టు లేదు, చూపు లేదు. ఆ ఫైలు మన చేతికి వస్తే మనం ఏమని నోటు పెట్టి ఉండేవాళ్ళం? నిబంధన అంటే నాకు గౌరవమే, ముప్పయ్యేళ్ళు దానితోనే బ్రతికాను. కాని నిబంధన చూసేది కాగితాన్ని. దాసుగారు మాత్రం విన్నారు.

అలా మొదలైన ఉద్యోగం పేరుకు ఇచ్చి కూర్చోబెట్టినది కాదు. పదిహేడేళ్ళు పాఠం చెప్పిన తరువాత, 1936లో, నారాయణదాసుగారి స్థానంలో నాయుడుగారే ప్రిన్సిపాలు అయ్యారు. ప్రిన్సిపాలు అంటే ఫిడేలు వాయించడం ఒక్కటే కాదని మనకు తెలుసు. హాజరు పట్టీలు, జీతాల బిల్లులు, పై అధికారులకు జవాబులు, విద్యార్థుల తగాదాలు అన్నీ ఉంటాయి. చూపు లేనివారికి కాగితం చదివి వినిపించే మనిషి కావాలి, ప్రయాణానికి తోడు కావాలి. అంతమాత్రాన పని వేరొకరు చేసినట్టు కాదు. స్టెనో టైపు చేసినంత మాత్రాన ఉత్తరం స్టెనోది అయిందా? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇదే సంగతి చెప్పింది. వికలాంగుడు మిగతావారితో సమానంగా పని చేయడానికి అవసరమైన తగు మార్పులు, వెసులుబాట్లు చేయడం యజమాని దయ కాదు, బాధ్యత అన్నది. అదే చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 1995 చట్టం నాటి 3 శాతం రిజర్వేషనును 4 శాతానికి పెంచింది. అందులో 1 శాతం అంధులకు, మందదృష్టి గలవారికి. మందదృష్టి అన్న మాట చట్టంలో విడిగా ఉండడం గమనించదగినది. పూర్తి గుడ్డివారు కాక, పూర్తి చూపూ లేక మధ్యలో నలిగిపోయేవారు ఊరూరా ఉన్నారు. నాయుడుగారి బాల్యం సరిగ్గా అదే స్థితి.

ఇక ఆయన విద్వత్తు సంగతి. నాకు సంగీత జ్ఞానం అంతంత మాత్రం, తెలిసినవారు చెప్పిన మేరకే వ్రాస్తాను. ఆ రోజుల్లో ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు ముందు, ఫిడేలు పక్కన. ఆయన పాడింది ఈయన అనుసరించాలి, ఆయన ఆపితే ఈయన ఆపాలి. నాయుడుగారు అరియక్కుడి రామానుజ అయ్యంగారు వంటి పెద్దలకు పక్కన వాయించి మెప్పు పొందినవారే. కాని ఫిడేలు తనంత తానుగా సభను నిలబెట్టగలదని ఆయన నమ్మకం. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. పక్కన గాయకుడు లేడు. ఫిడేలే గాత్రం. దాక్షిణాత్య సంగీతంలో ఫిడేలు సోలో కచేరీలకు దారి తీసినవారిగా ఆయన పేరు చెబుతారు. ఆయన వాయింపులో వేగం, విన్యాసాల కంటె నాదం ముఖ్యం. నిదానంగా పొడవుగా కమాను లాగి మనిషి పాడినట్టు పలికించేవారట. పాశ్చాత్యుల ఫిడేలు రికార్డులు కూడా శ్రద్ధగా విని, మనకు పనికివచ్చింది తీసుకున్నారు. తంబూరా శ్రుతి గురించి, దాని నాదం పుట్టే తీరు గురించి ప్రత్యేకంగా పరిశీలించారు.

బిరుదులు త్వరగా చెప్పి ముగిస్తాను. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం. 1957లో పద్మశ్రీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ. 1952లో విఖ్యాత పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాయింపు విని ముగ్ధుడయ్యాడు.

అదే 1952లో నాయుడుగారు ఢిల్లీలో అంధుల సంస్థ సహాయార్థం సోలో కచేరీ చేశారు. పెద్ద కచేరీల జాబితాలో ఇది ఒక పంక్తి. నాకు మాత్రం ఆయన జీవితంలో ఇదే గొప్ప రోజుల్లో ఒకటిగా తోస్తుంది. మన లెక్కలో వికలాంగుడు ఎప్పుడూ పుచ్చుకునేవాడు. దుప్పట్లు పంచే సభలో వేదిక కింద వరుసలో కూర్చుని, పేరు పిలిస్తే లేచి వచ్చి ఫోటోకు నిలబడేవాడు. మన సంఘాలు కూడా ఏడాదికొకసారి ఈ తంతు జరుపుతాయి, తప్పని అనను. కాని చూపు మందమైన మనిషి వేదిక మీద కూర్చుని, తన విద్యతో డబ్బు పోగుచేయించి, చూపు లేనివారికి ఇచ్చాడు. ఇచ్చే చేయి కావడం కూడా మనిషికి ఆకలి వంటిదే. పింఛనుదారులకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు. రిటైరైన మరునాడు ఉదయం లేచి, మన కోసం ఎవరూ ఎదురుచూడడం లేదని గ్రహించిన రోజు మనకు గుర్తుంది గదా.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2014లో 1500 రూపాయలు అయింది, 2019లో 3016 అయింది, 2023లో 4016 చేశారు. మంచిదే. అది లేని ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉండేదో గ్రామాల్లో పనిచేసిన మన రెవెన్యూ, పంచాయతీ మిత్రులకు తెలుసు. అయితే పింఛను వచ్చేది నెలకొక రోజు. మిగతా 29 రోజులు ఆ మనిషి అరుగు మీద కూర్చుని ఏం చేయాలి? ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు పోతే దారి పొడుగునా గుడ్డ పరచుకుని భజనలు పాడే అంధులు కనబడతారు. కొందరి గొంతు విని ఆగిపోతాము. చిల్లర వేసి కదిలిపోతాము. ఆ గొంతుకు ఒక దాసుగారు దొరికి ఉంటే అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పని లేదనడానికి వీల్లేదు. మన మండలంలో అల్లం తవ్వితే మట్టి దులిపి, వేళ్ళు తుంచి, సైజు చూసి వేరు చేయాలి. అది వేలితో తెలిసే పని. ఆలుగడ్డ ఏరడం, సంచులు కుట్టడం అంతే. కాలు లేనివారు కూర్చుని సెల్‌ఫోన్లు, మోటార్లు బాగుచేస్తున్నారు. మాచ్‌నూర్‌లో 2008లో సంఘం రేడియో మొదలైనప్పుడు దానిని నడిపించినది పల్లెటూరి దళిత మహిళలు. రేడియోకు కావలసింది చెవి, గొంతు, ఊరి సంగతి తెలిసిన బుర్ర. ఇలాంటి చోట చూపు లేనివారికి తావు ఎందుకుండకూడదు? నిమ్జ్ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూములు తీసుకున్నారు. భూమి ఇచ్చిన ఇళ్ళలో వికలాంగులూ ఉన్నారు. 2016 చట్టం ప్రైవేటు యజమానులు కనీసం 5 శాతం వికలాంగులను పెట్టుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని చెబుతున్నది. ఫ్యాక్టరీలు వచ్చాక అడిగితే ఖాళీలు నిండిపోయాయంటారు. అడగవలసింది ముందే. అర్జీ వ్రాయడం వచ్చినవాళ్ళం మన సంఘంలో ఇంతమందిమి ఉన్నాము గనుక ఈ పని మనమే పెట్టుకోవచ్చు. అలాగే పరీక్షల్లో చూపు లేని విద్యార్థులకు చెప్పింది వ్రాసిపెట్టేవారు దొరకక ఇబ్బంది పడుతుంటారు. ఎవరు వ్రాయవచ్చునన్న దానికి నిబంధనలున్నాయి. ఆ నిబంధనలు తెలుసుకుని తగినవారిని వెతికిపెట్టడం, పరీక్షకు ముందు ఆ పిల్లలకు పాఠాలు చదివి వినిపించడం మన రిటైర్డు ఉపాధ్యాయులకు కష్టం కాదు.

కన్నడ సరిహద్దులో ఉన్నవాళ్ళం కనుక గదగు సంగతి మన భజన బృందాల వారికి తెలిసే ఉంటుంది. అక్కడి వీరేశ్వర పుణ్యాశ్రమంలో పంచాక్షర గవాయిగారు అంధ బాలురను చేరదీసి, అన్నం పెట్టి సంగీతం నేర్పారు. ఆయన స్వయంగా అంధులు. 1892లో పుట్టారు, అంటే మన నాయుడుగారి కంటె ఒక్క ఏడాది పెద్ద. 1944లో ఆయన పోయిన తరువాత శిష్యుడు పుట్టరాజ గవాయిగారు, ఆయనా అంధులే, 2010 వరకు ఆ ఆశ్రమాన్ని నడిపారు. గదగు దారి వేరు, విజయనగరం దారి వేరు. గదగులో అంధుడే అంధులకు ఆశ్రయం కట్టాడు. విజయనగరంలో చూపున్నవారూ లేనివారూ ఒకే గదిలో, చూపు మందమైన గురువు ముందు కూర్చున్నారు. రెండూ కావలసినవే గాని నాకు రెండవదే ఎక్కువ నచ్చుతుంది. ఆ గదిలో శిష్యుడు గురువుగారిని చూసి జాలిపడే వ్యవధి ఉండదు, తన అపస్వరం ఎక్కడ పట్టుబడుతుందో అన్న భయమే ఉంటుంది.

నాయుడుగారు తన ఇంటిలోని వారికీ విద్య ఇచ్చారు. కుమార్తె మంగతాయారుగారు, కుమారుడు భావనారాయణగారు, బంధువు నరసింగరావుగారు అందరూ ఫిడేలు విద్వాంసులయ్యారు. నేదునూరి కృష్ణమూర్తిగారి వంటివారు ఆ కళాశాల నుండే పైకి వచ్చారు. చూపు సంగతి ఆయనకు చివరిదాకా బాగుపడలేదు.

1964 నవంబరు 25వ తేదీన, 71వ ఏట, నాయుడుగారు కాలధర్మం చెందారు. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ వారు ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేశారు. పోస్టాఫీసుల్లో పనిచేసిన మన మిత్రులు కౌంటరులో ఆ బిళ్ళలు అమ్మే ఉంటారు. గంగబాబు కోసం మొదలైన ఆ కళాశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా విజయనగరంలో నడుస్తున్నది. 2019లో దానికి నూరేళ్ళు నిండాయి.